బల్ల ఆదివారం

ఉడుకుతున్న నల్లద్రాక్షల్లో గరిటె తిప్పుతున్న ఆశమ్మ చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. పక్క గదిలో భర్త, పాస్టర్ ఉదయ్ కుమార్, ఆ రోజు ప్రసంగాన్ని గొంతెత్తి చెప్పుకుంటున్నాడు. "తాయత్తులు కట్టుకొని మందిరానికి వస్తరా? సిగ్గు లేదా?"

తాయత్తు సంగతి ఆయనకు చెప్పింది ఆమే.

నెలలో మొదటి ఆదివారం కాబట్టి అది బల్ల ఆదివారం. సంఘమంతా ప్రభువు పేరిట రొట్టెముక్క, ద్రాక్షరసం పుచ్చుకునే రోజు. ఆ రెండూ అశోక్ నగర్‌లోని ఈ కిరాయి ఇంట్లోనే, ఆశమ్మ చేతుల మీదుగా తయారవుతాయి. చిక్కడపల్లి సందులో మేడమీది హాల్లో నడిచే ఆ చిన్న సంఘానికి ఆయన అయ్యగారు, ఆమె అమ్మగారు. ఆయన ముందు నోరు విప్పలేనివాళ్లు వంటింటి గుమ్మంలో కూర్చుని ఆమెతో చెప్పుకుంటారు. ఆయన ప్రార్థిస్తాడు కదా అని ఆమె ఆయన చెవిన వేస్తుంది. ఆదివారం వచ్చేసరికి అది మైకులో వినబడుతుంది. పేరు చెప్పడు లెండి. చెప్పే పనే ఉండదు, తలలన్నీ అటే తిరుగుతాయి.

ఈసారి చెప్పుకున్నది ఆమె సొంత అక్క కురుమమ్మ. రాంనగర్ బస్తీలో ఉంటూ కూలిపనికి పోయే మనిషి. మనవరాలు మనీషకు జ్వరం విడవడం లేదని, భయపడి మెడలో తాయత్తు కట్టించానని, దేవుడు కోపగిస్తాడేమోనని మొన్న వచ్చి ఏడ్చింది.

ఆశమ్మ స్టవ్ ఆపి గదిలోకి వెళ్లింది.

"అక్క ముచ్చట ఇయ్యాల తియ్యకుండ్రి. మీకు ప్రార్థన చెయ్యమని చెప్పిన, ప్రసంగం చెయ్యమని కాదు."

"పేరు తీస్తనా ఏంది?" అద్దంలో చూసుకుంటూ చొక్కా గుండీలు పెట్టుకున్నాడాయన. "గద్దించకపోతే మంద చెడిపోతది. మీ అక్కని వదిలేస్తే రేపు నన్నెవరు లెక్కచేస్తరు?"

"కృష్ణయ్యన్నను గూడ గిట్లనే గద్దించిన్రు."

గుండీ మీద ఆయన వేళ్లు ఆగాయి. ఆ ఇంట్లో ఎవరూ ఎత్తని పేరది. తాగుడు మానడానికి నానా తంటాలు పడుతున్న కృష్ణయ్య, ఒకరోజు మళ్లీ తాగి, ఆ మాట ఆశమ్మతోనే చెప్పుకున్నాడు. ఆదివారం మైకులో విన్నాడు. ప్రసంగం మధ్యలోనే లేచి మెట్లు దిగిపోయాడు. మళ్లీ మందిరానికి శవపెట్టెలోనే వచ్చాడు.

"నేను చెప్పింది దేవుని వాక్యం. తాగి సచ్చింది వాడు," అని కసిరి ఆయన బయటికి నడిచాడు.

ఆశమ్మ రసం వడగట్టి సీసాలో పోసి మందిరానికి బయలుదేరింది. దారి పొడుగునా, అక్క ఈ ఒక్కరోజు రాకుంటే బాగుండునని ప్రార్థించింది. పాస్టర్ భార్య చెయ్యాల్సిన ప్రార్థనేనా అది!

కురుమమ్మ అందరికంటే ముందే వచ్చి చాప మీద కూర్చుంది. ఒళ్లో మనీష, పిల్ల మెడలో నల్లతాడు.

"అయ్యగారికి చెప్పినవా చెల్లె? ప్రార్థన జేస్తరంటనా?"

"చెప్పిన అక్కా," అంది ఆశమ్మ నేల చూస్తూ.

పాటలయ్యాయి. మైకు గురగురమంది. "కొందరికి నోట్ల యేసయ్య, మెడల తాడు! గసుంటోళ్లు ఇయ్యాల బల్ల ముట్టొద్దు!"

తలలన్నీ తిరిగాయి. కురుమమ్మ పాస్టర్ వైపు చూడలేదు, చెల్లెలి వైపు చూసింది. కొంగు తీసి పిల్ల మెడ కప్పింది. లేచి, పిల్లను భుజాన వేసుకుని మెట్ల వైపు నడిచింది.

ఆశమ్మ తెల్లగుడ్డ కప్పిన పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. అవే మెట్లు. ఆమె పళ్లెం కింద పెట్టి పరుగెత్తింది.

"అక్కా, ఆగే! నేనే చెప్పిన. తప్పు నాది."

"నీకు గాక ఇంకెవలకు చెప్పుకుందునే?" కురుమమ్మ పిల్లను ఇంకా దగ్గరికి పొదువుకుంది.

పైన మైకు ఆగింది. ఉదయ్ కుమార్ మెట్ల దగ్గరికి వచ్చాడు. ఆశమ్మ తలెత్తి చూసింది.

"తాయత్తు ముచ్చట అంతమందిల చెప్పిన్రు. పిల్లకు జరం తగ్గిందా అని ఒక్కసారన్న అడిగిన్రా? కృష్ణయ్యన్న ఈ మెట్లే దిగిండు. ఆయన ఎన్క మనం ఎవ్వలం పోలే."

ఆయన మెల్లగా మెట్లు దిగి పిల్ల నుదుటి మీద చెయ్యి వేశాడు. చటుక్కున వెనక్కి తీసుకున్నాడు.

"కాలిపోతున్నది," అన్నాడు. మైకు లేని ఆయన గొంతు ఎంత చిన్నదో ఆశమ్మకు అప్పుడే తెలిసింది. "దా వదినా, దవాఖానకు పోదాం."

పిల్లను తనే ఎత్తుకున్నాడు. నల్లతాడు ఆయన చెంపకు తగులుతున్నా తీసే ప్రయత్నం చెయ్యలేదు. ఆటో నారాయణగూడ చౌరస్తా దాటుతుండగా, "కృష్ణయ్య ఎన్క ఉరకాల్సింది నేను," అని బావురుమన్నాడు.

ఇన్నేళ్లూ అయ్యగారు అని తప్ప పిలవని కురుమమ్మ, కొంగుతో ఆయన మొహం తుడిచింది.

"ఊకో మరిదీ. పిల్ల బుగులు పడుతది."