నీళ్ళ గ్లాసు కోడలు

రొట్టె మాడుతుండగా మెసేజ్ వచ్చింది. పంపింది కౌన్సెలింగ్ సెంటర్‌లో పని నేర్పే పెద్ద మేడమ్. "నీ శిక్షణ పూర్తయింది. ఇకనుంచి నువ్వొక్కదానివే క్లయింట్లను చూడొచ్చు."

కోడలు అట్లకాడ పట్టుకునే గంతేసింది. పెళ్ళయి నాలుగు నెలలైనా ఆ వంటింట్లో గంతేయడం అదే మొదటిసారి. మెసేజ్ కింద ఇంకేదో రాసి ఉంది గానీ, ఆ సంబరంలో ఎవరు చదువుతారు?

"అమ్మా, మా ఆవిడ డాక్టరైపోయింది!" అని కేకేశాడు భర్త.

"డాక్టర్ కాదు మహానుభావా, కౌన్సెలర్!"

అత్తగారు కుట్టుమిషను ముందు నుంచి లేచొచ్చి కోడలి బుగ్గలు పుణికింది. "మీ మామయ్య ఉంటేనా..." అంటుండగానే ఆవిడ గొంతు పూడుకుపోయింది.

కోడలు చటుక్కున నీళ్ళు అందించింది. "తాగండత్తయ్యా. మెల్లగా ఊపిరి తీసుకోండి. ఒకటి, రెండు..."

"ఆపు!" గ్లాసు బల్ల మీద ఠంగుమంది, నీళ్ళు చిందాయి. "నాలుగు నెలలుగా చూస్తున్నా! నా గొంతు వణికితే చాలు, నీళ్ళు, ఊపిరి! ఊరందరి ఏడుపూ వింటావు, నా ఏడుపు మాత్రం గొంతులోనే కుక్కేస్తావా?"

"అమ్మా, మంచి వార్త విన్నపూట..."

"నువ్వు నోర్ముయ్యరా. నాన్న మాటెత్తితే టీవీ సౌండు పెంచేవాడివి!"

కోడలికీ ఒళ్ళు మండింది. "మీరు బాధపడకూడదనే కదా! ఏం చేసినా తప్పేనా?" మేడమ్‌కే చెప్పుకుందామని విసురుగా ఫోను తీసింది. ఇందాక వదిలేసిన వాక్యం కంటపడింది. "ఒక్కటే లోపం. ఎదుటివాళ్ళు ఏడవగానే నీళ్ళందిస్తావు. అది వాళ్ళ కోసం కాదు, నీ భయం కొద్దీ."

చెంప ఛెళ్ళుమన్నట్టయింది. తడిసిన బల్ల ముందే కూలబడింది.

"నిజమే అత్తయ్యా. మీరు ఏడిస్తే నాకు భయం. ఇవాళ ఏమీ చెయ్యను. చెప్పండి."

"ఏం చెప్పనే? జబ్బు సంగతి ఆర్నెల్లు దాచాడు మీ మామయ్య. పక్కనే పడుకుని దాచాడు! నాకు ఏడుపు కాదే, కోపం! పోయినవాడి మీద కోపమేంటని అందరూ నా నోరు నొక్కారు."

ఆవిడ బల్ల గుద్దుతూ భోరుమంది. కోడలి చేతులు వాటంతటవే గ్లాసు వైపు లేవబోయాయి. వాటిని ఒళ్ళో బిగించి పట్టుకుంది. ఆ క్షణం ఎంత సాగిందో! పారిపోవాలనిపించింది, పారిపోలేదు.

"నాకూ కోపమేనమ్మా," అన్నాడు కొడుకు గుమ్మం దగ్గర నుంచి, మొహం చూపించకుండా.

చాలాసేపటికి అత్తగారు అరచేతులతో మొహం తుడుచుకుంది. "ఇంకా సగం కూడా తిట్టలేదు ఆయన్ని," అంది బొంగురు గొంతుతో. "రేపు ఆరింటికి ఇద్దరూ నాతో నడకకి రండి. నడుస్తూ తిడదాం."