తెనాలి షాపు నంబరు

ఉదయం ఏడు గంటలకు రేపల్లెలో నీరజ ఇంటి బాత్రూంలో గ్యాస్ గీజర్ ఆరిపోయింది. వెలిగిస్తే లోపలి చిన్న పైలట్ మంట కాసేపు నిలిచి మళ్ళీ ఆరుతోంది. నీరజ స్టూలెక్కి మూత విప్పింది. పైన ఉన్న సెన్సార్ వైర్లు రెండూ పీకి కలిపేసింది. మంట నిలిచింది. భర్త శాలేమురాజు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి వెళ్ళాడు.

నీరజ తెనాలికి ఫోన్ చేసింది. అక్కడ ఆమె తండ్రి పున్నారావుది స్టవ్వులు, గీజర్లు బాగుచేసే షాపు. ఆమె శాలేమురాజును చర్చిలో పెళ్ళాడిన రోజు నుంచి ఆయన కూతురితో మాట్లాడడు. షాపు నంబరుకు చేస్తే మాత్రం కస్టమర్లకు చెప్పినట్టు జవాబు చెబుతాడు. అందుకని ఇంట్లో ఏది చెడినా నీరజ ఆ నంబరుకే చేస్తుంది. ఏదీ చెడని నెలలో ఆ గొంతు వినే వీలుండదు.

"పైలట్ నిలవట్లేదండి," అంది.

"నాబ్ ఎంతసేపు నొక్కి పట్టుకున్నారండి?"

"మీరు పోయినసారి చెప్పినంతసేపూ. ఇక లాభం లేదని పై సెన్సార్ వైర్లు కలిపేశానండి. ఇప్పుడు ఆరట్లేదు."

"ఎవరు చెప్పారండి అట్లా చెయ్యమని?"

"చిన్నప్పుడు షాపులో చూశాను. మా నాన్న అట్లాగే చేసేవారు."

అవతల రెంచి బల్ల మీద పెట్టిన చప్పుడయింది.

"అది పరీక్షకి. చూసి వెంటనే తీసేస్తాం. పొగ బయటికి పోకపోతే మంట ఆర్పేది ఆ సెన్సారే. బాత్రూం కిటికీ తీసుందా?"

"చలిగాలి వస్తోందని ఆయన ప్లాస్టిక్ షీటు అంటించారండి."

"లోపల ఎవరున్నారు?"

"ఆయన."

"సిలిండర్ కట్టెయ్యవే! తలుపు బాదు!"

నీరజ పరుగెత్తింది. సిలిండర్ కట్టేసి రెండు చేతులా తలుపు బాదింది. గడియ తీయడానికి శాలేమురాజుకు చాలాసేపు పట్టింది. గోడ పట్టుకుని వచ్చి వరండాలో కూలబడి వాంతి చేసుకున్నాడు.

ఫోన్ ఇంకా అరుస్తోంది. "అల్లుడు బయటికొచ్చాడా? పలకవేమే!"

అల్లుడన్న మాట తండ్రి నోట నీరజ ఎప్పుడూ వినలేదు. జవాబు చెప్పబోయి ఏడ్చేసింది.

"వచ్చారు నాన్నా. నేనే ఆ వైర్లు..."

"నన్ను చూసే చేశావులే. ఏడుపు తర్వాత. ఆటో పిలిచి ఆసుపత్రికి తీసుకుపో. ఆ గీజర్ జోలికి పోకు. నేనొస్తున్నా."

"ఎవరు?" అన్నాడు శాలేమురాజు కళ్ళు మూసుకునే.

"నాన్న. వస్తున్నారంట."

"ఇప్పుడా? తువ్వాలు మీదున్నానే!"

ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ప్రమాదం లేదని డాక్టరు చెప్పాడు. తెనాలి ప్యాసింజర్ వచ్చిన కాసేపటికి ఆసుపత్రి గేటు ముందు ఆటో ఆగింది. పనిముట్ల సంచితో పున్నారావు దిగాడు. ఆయన వెనక నీరజ తల్లి కోటిరత్నం దిగింది.