ఇంటర్ తర్వాత ఇంద్రజ

"మీ సొంతూరేదండి?" అని అడిగారు ఎదురుగా కూర్చున్న చంద్రరావుగారు.

హర్షకి ఏమీ అర్థం కాలేదు. రాజమండ్రిలో ఈ ఫారిన్ చదువుల కన్సల్టెన్సీకి వచ్చేవాళ్ళు ఫీజులు అడుగుతారు, వీసా అడుగుతారు. ఈయనేమో మండపేట నుంచి చెల్లెల్ని వెంటబెట్టుకొచ్చి, ఇంటర్ పాసైన కొడుకు సంగతి వదిలేసి హర్ష గురించి ఆరాలు తీస్తున్నారు.

"తుని అండి."

"వంట వచ్చా బాబూ?" అంది చెల్లెలు రత్నమాణిక్యం.

"వచ్చండి. అక్కడికెళ్ళే పిల్లలు కూడా నేర్చుకోవాలండి," అన్నాడు హర్ష బుద్ధిగా.

అద్దాల తలుపు అవతల ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్షకి క్లాసు చెబుతున్న ఇంద్రజ నవ్వాపుకుంటోంది. ఆ నవ్వు కోసమే హర్ష ఈ ఉద్యోగం మానకుండా ఉన్నాడు. ఇవాళైనా మనసులో మాట చెప్పెయ్యాలని కొత్త చొక్కా కూడా వేసుకొచ్చాడు.

"సరే, మావాడికి లండన్‌లో డైరెక్టుగా ఫస్టియర్ సీటు ఇప్పించెయ్యండి. పక్క వీధి కన్సల్టెన్సీవాళ్ళు ఇంటర్ ఉంటే చాలన్నారు."

హర్ష మార్కులు చూశాడు. "రాదండి. మీరడిగిన యూనివర్సిటీకి ఈ మార్కులు చాలవు. ముందు అక్కడే ఏడాది ఫౌండేషన్ కోర్సు చదవాలి. అది పాసైతేనే ఫస్టియర్."

"పాసైనవాణ్ణి మళ్ళీ ఏడాది కూర్చోబెడితే మా ఊళ్ళో తప్పాడనుకుంటారండి!"

"అనుకోనివ్వండి. అంత దూరం వెళ్ళి తప్పడం కన్నా నయం కదండీ."

చంద్రరావుగారు మొహం ముడుచుకుని లేచారు. తెచ్చిన కాజాల డబ్బా కూడా పట్టుకుని మరీ చెల్లెలితో సహా వెళ్ళిపోయారు.

ఇంద్రజ పరుగున వచ్చింది. "ఎంత పని చేశారండీ!"

"నేనేం చేశాను? నిజమే చెప్పాను."

"ఆయన మా నాన్నగారు. ఆవిడ మా మేనత్త. తమ్ముడి సీటు వంక మాత్రమే, వాళ్ళొచ్చింది మిమ్మల్ని చూసుకోడానికి."

"నన్నా? ఎందుకు?"

"చేసుకుంటే మిమ్మల్నే చేసుకుంటానని ఇంట్లో చెప్పేశాను. మీరు నోరు విప్పుతారని చూసి చూసి విసుగొచ్చింది."

హర్షకి గాల్లో తేలుతున్నట్టూ ఉంది, ఏడుపూ వస్తోంది. దొరక్క దొరికిన సంబంధం చేజేతులా చెడగొట్టుకున్నాడు.

"ముందే తెలిస్తే డైరెక్టు సీటు ఇచ్చేసేవారా?" అంది ఇంద్రజ.

"లేదండి," అన్నాడు నీరసంగా. "అప్పుడూ రాదనే చెప్పేవాణ్ణి. కాకపోతే ఏడుస్తూ చెప్పేవాణ్ణి."

గుమ్మం దగ్గర ఎవరో దగ్గారు. వాన పట్టుకోవడంతో చంద్రరావుగారు వెనక్కొచ్చేశారు. ఎంతసేపటి నుంచి వింటున్నారో!

"పక్క వీధివాడు నాకు నచ్చేదే చెప్పాడు," అన్నారాయన తల తుడుచుకుంటూ. "నువ్వు చెప్పింది నాకు బొత్తిగా నచ్చలేదు."

హర్ష తల దించుకున్నాడు.

"నువ్వు నచ్చావు. మీ నాన్నగారి నంబరు చెప్పు."

హర్ష కంగారులో నోటికొచ్చిన నంబరు గబగబా చెప్పాడు. చంద్రరావుగారు ఫోను కలిపారు. హర్ష జేబులో సెల్లు మోగింది.

"ఎత్తండి," అంది ఇంద్రజ. "మా నాన్నగారు సంబంధం మాట్లాడాలట."