అద్దె వద్దన్న పెద్దమనిషి

"అద్దె వద్దన్నాడా?!"

తల్లి చేతిలోని టీ గ్లాసు జారి నేల మీద భళ్లున పగిలింది. నవ్వుతూ చెబుతున్న అల్లుడి మాట నోట్లోనే ఆగిపోయింది. పాపం, అతనికేం తెలుసు! చిన్నకూతురి దగ్గరుండే అత్తగారిని పొద్దున్నే వెళ్లి తన వ్యానులో ఎక్కించుకొచ్చాడు. ఇల్లంతా తిప్పి చూపించాడు. చివరికి మురిసిపోతూ తన అదృష్టం చెప్పుకున్నాడు. "మా ఓనరంత మంచివాడు ఎక్కడా దొరకడత్తయ్యా! అగ్రిమెంటు గడువైపోయింది, కొత్త కాగితం రాయించుకుందామండీ అంటే, మన మధ్య కాగితాలెందుకు బాబూ అన్నాడు. నెలనెలా అద్దె తీసుకెళ్తే పుచ్చుకోడు. ఉంచుకో, నీ దగ్గరుంటే నా దగ్గరున్నట్టే కదా అంటాడు. సొంత తండ్రి కూడా అలా..."

"ఆపు బాబూ! మాట్లాడేటప్పుడు భుజం మీద చెయ్యేస్తాడా? తల్లీ, చెల్లెమ్మా అని తియ్యగా పిలుస్తాడా? అవునా, కాదా?"

అల్లుడు తెల్లబోయి తలూపాడు. అంతే! తల్లి లోపలికి పరుగెత్తింది. సంచిలోంచి తీసి పూటైనా కాని తన బట్టల్ని మళ్లీ సంచిలో కుక్కడం మొదలుపెట్టింది. "పదండి! ఇప్పుడే పోదాం. వాడొచ్చి సామాను వీధిలో పారెయ్యకముందే మన చేతుల్తో మనమే తీసుకుపోదాం..."

"సంచి కింద పెట్టమ్మా."

గుమ్మంలో కూతురు నిలబడి ఉంది. బట్టల కంపెనీలో పొద్దున్నుంచీ కాలర్లు కుట్టి వచ్చిన మనిషి. ఒళ్లంతా దారపు ముక్కలు. "నువ్వనుకుంటున్నవాడే. తెలిసే వచ్చానమ్మా ఈ ఇంటికి. ఏరికోరి వచ్చాను!"

అక్కలారా, ఇక్కడొక్క క్షణం ఆగి పాత సంగతి వినండి. ఈ కూతురికి తొమ్మిదేళ్లప్పుడు వాళ్లు ఇదే మనిషి ఇంట్లో, ఇంకో పేటలో, పైన ఓనరు కాపురముంటే కింది వాటాలో అద్దెకుండేవాళ్లు. తండ్రి గోడలకి రంగులేసేవాడు. నిచ్చెన మీంచి పడి నడుం విరిగి మంచాన పడ్డాడు. అదే నెలలో అగ్రిమెంటు గడువు అయిపోయింది. ఓనరు వచ్చాడు, మంచం పక్కన కూర్చున్నాడు, కళ్లు తుడుచుకున్నాడు కూడా! "చెల్లెమ్మా, ముందు బావగారి వైద్యం చూసుకో. అన్న దగ్గర అద్దె గురించి ఆలోచిస్తారా ఎవరైనా?" అన్నాడు. ఆ పిచ్చితల్లి నమ్మింది! నమ్మకేం చేస్తుంది? అన్నయ్యా అని పిలిచిన నోటితో అనుమానించడం ఆవిడకి చేతకాలేదు. అద్దెకి తీసిపెట్టిన డబ్బు మందులకి పోసింది. ఆర్నెల్లు గడిచాయి. ఒకరోజు నలుగురు మనుషుల్ని వెంటేసుకుని ఆ అన్నయ్యే వచ్చాడు. "గడువు ఎప్పుడో అయిపోయింది. అద్దె లేదు, కాగితం లేదు. దౌర్జన్యంగా నా ఇల్లు ఆక్రమించుకుని కూర్చున్నారు!" అని వీధి వీధంతా వినేలా అరిచాడు. ఆరేళ్ల కిందట గొలుసు అమ్మి కట్టిన అడ్వాన్సు, బాకీ కింద చెల్లంటూ మింగేశాడు. మంచాన్ని మనిషితో సహా ఎత్తి వానలో పెట్టించాడు! ఆ మనిషి మళ్లీ కోలుకోలేదు. తల్లి మాత్రం ఇప్పటికీ తననే తిట్టుకుంటుంది... 'అద్దె డబ్బులు తినేశాను, నా మొగుణ్ణి నేనే చంపుకున్నాను' అని!

ఇది మంచితనం మాటున అల్లిన వల. గడువయ్యాక అద్దె పుచ్చుకుంటే, మీరింకా నా ఇంట్లో అద్దెకుంటున్నవాళ్లే అని ఒప్పుకున్నట్టు. పుచ్చుకోకపోతే? మీరెవరో అతనికి తెలియదు! అద్దె అడగని ఓనర్ని చూసి చేతులెత్తి దణ్ణం పెట్టే ముందు, అడగనిది ఎందుకో అడగండి.

అల్లుడు సంగతంతా విన్నాడు. మంచివాళ్లకి కోపమొస్తే ఎలా ఉంటుందో ఆ ఇంటి గోడలు ఆరోజే చూశాయి.

"అంటే నన్ను ఎరగా పెట్టావా? ఈ ఇల్లే కావాలని నువ్వు పట్టుబడితే, నీ కంపెనీకి దగ్గరని కాబోలనుకున్నాను! అడ్వాన్సు కోసం రెండేళ్లు ఆదివారం కూడా లేకుండా బండి తోలాను కదే... నీ పగకి నా ఆదివారాలే దొరికాయా?"

"చెబితే ఒప్పుకునేవాడివా?"

"ఒప్పుకోను!"

"అందుకే చెప్పలేదు."

అతను విసురుగా వెళ్లి వ్యానులో తలుపేసుకుని కూర్చున్నాడు. ఎదురింటి ఇస్త్రీ ఆవిడ బొగ్గులు ఊదుకుంటూ, "ఏం తమ్ముడూ, ఇంట్లో అద్దె లేదని బండిలోకి మారిపోయావా?" అంది. అతనికి నవ్వొచ్చింది. నవ్వొచ్చినందుకు ఇంకా కోపమొచ్చింది. చాలాసేపటికి లోపలికొచ్చి, "సరే, ఏం చెయ్యాలో చెప్పు. కానీ ఇంకోసారి నాతో చెప్పకుండా నన్ను యుద్ధానికి తీసుకెళ్లకు," అన్నాడు.

ఆ మర్నాటినుంచి కూతురు అద్దె పట్టుకుని ఓనరు వెంటపడింది. ఫోనులో పంపితే నిమిషంలో తిప్పి పంపాడు, పైగా దణ్ణం బొమ్మ జతచేసి! దారిలో ఎదురైతే, "తొందరేముంది తల్లీ," అంటూ బండి ఎక్కేశాడు. అతని కొట్లో పట్టుకుంటే, అబ్బే చిల్లర లేదన్నాడు. ఇస్త్రీ ఆవిడ ముక్కున వేలేసుకుంది. "గోడకి మేకు కొట్టుకుంటే నా దగ్గర డబ్బులు గుంజినవాడు, నీకు అద్దె మాఫీ చేశాడా? నీ మొహం చూశా?"

నెల తిరక్కుండానే అతని బ్రోకరు గుమ్మం ముందుకొచ్చి కబురు చెప్పాడు. అద్దె ఎగ్గొట్టారట. అడ్వాన్సు బాకీ కింద పోయిందట. ఆదివారంలోగా ఖాళీ చెయ్యాలట, లేకపోతే తాళమేస్తారట! వినగానే తల్లి గోడకి చేరబడి అలాగే నేల మీదికి జారిపోయింది. "మళ్లీనా... నేనొచ్చిన వేళే మంచిది కాదే..."

కూతురు కళ్లల్లో నీళ్లు లేవు. నిప్పులున్నాయి. "కరెంటు బిల్లు ఎవరి పేరున వస్తోందో చూశావా అమ్మా? ఓనరమ్మ పేరున! ఈ వరుస ఇళ్లన్నీ, వాళ్లుంటున్న ఆ చివరి మేడ కూడా పెళ్లాం పేరునే రాయించుకున్నాడు, పన్నులు తప్పించుకోడానికి. ఆయన పుచ్చుకోకపోతే ఏం? అద్దె ఆవిడ పుచ్చుకుంటే చాలు. ఆవిడ చేతే వాడి మొహం మీద కొట్టిస్తాను!"

"వద్దమ్మా! ఆవిడ మళ్లీ ఆ ఇంటికే వెళ్లాలి, ఆ మనిషితోనే కాపురం చెయ్యాలి. మన పగకి ఇంకో ఆడదాన్ని బలి పెడతావా?"

"ఆరోజు ఆవిడ కిటికీలోంచి చూస్తూ నిలబడలేదా? నాన్న మంచం వానలో దించుతుంటే పరదా లాగేసుకోలేదా? నాకు గుర్తుంది!"

"పరదా లాగింది చూడలేకనేమో..."

"చూడలేకపోతే కిందికి దిగి రావాలి!"

తల్లి మాట వినకుండా కూతురు మేడకెళ్లింది. పెరట్లో ఓనరమ్మ ఒక్కతే బట్టలారేస్తోంది. సన్నగా, నీడలా ఉండే మనిషి. ఆ వీధిలో ఆవిడ గొంతు విన్నవాళ్లే తక్కువ. కూతురు పాత సంగతంతా ఆవిడ మొహం మీదే చెప్పేసింది. చెబుతున్నంతసేపూ ఆవిడ ఒకే తువ్వాలును పిండుతూ ఉంది... నీళ్లెప్పుడో అయిపోయినా పిండుతూనే ఉంది.

"నన్నిందులోకి లాగకమ్మా," అంది చివరికి, వినీ వినపడకుండా.

"మిమ్మల్ని లాగింది నేను కాదండీ. మీతో సంతకాలు పెట్టించినవాడు. మా నాన్నని వీధిలో పడేసింది మీ ఇంట్లోంచే, మీ పేరు మీదే!"

ఓనరమ్మ లోపలికెళ్లి తలుపేసుకుంది. తిరిగి వస్తుంటే కూతురికి మొదటిసారి భయమేసింది. అమ్మ చెప్పిందే నిజమేమో... ఉన్న ఒక్క దారీ మూసుకుపోయిందేమో! అమ్మని మళ్లీ వీధిలో నిలబెట్టడానికేనా ఇంతా చేసింది?

ఆదివారం వచ్చింది. ఇద్దరు మనుషుల్నీ ఒక పెద్ద తాళాన్నీ వెంటబెట్టుకుని ఓనరు వచ్చాడు. తెల్లటి చొక్కా, అదే తియ్యటి నవ్వు. కూతురు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. అల్లుడు వ్యాను తెచ్చి సరిగ్గా గేటుకి అడ్డంగా ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, "ఇంజను పాడైందండీ," అన్నాడు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి ఎదురింటావిడ వచ్చింది. ఒక్కొక్కరే వీధి జనమంతా చేరారు. కూతురు డబ్బుల కట్ట పైకెత్తింది.

"అందరూ చూడండి! ఇవిగో, ఈయన పుచ్చుకోని అద్దెలన్నీ! ఇప్పుడు మీ అందరి ముందూ ఇస్తున్నాను. తీసుకోండి సార్!"

"తల్లీ, గడువైపోయాక అద్దేమిటి? నువ్వెవరో, నేనెవరో," అన్నాడు నవ్వుతూనే. తాళం పట్టుకున్నవాణ్ణి ముందుకు తోశాడు.

అప్పుడు కూతురి వెనకనుంచి తల్లి బయటికొచ్చింది. నేరుగా అతని ముందుకెళ్లి నిలబడింది. "నేనెవరో తెలుసా?"

ఎన్ని కొంపలు కూల్చాడో, వెంటనే గుర్తు రాలేదు అతనికి! తేరిపారజూశాక మొహంలో రంగు మారింది. అయినా నోరు తియ్యదనం వదల్లేదు. "చెల్లెమ్మా! నువ్వా! అయ్యో, ముందే చెప్పొద్దూ..."

"చెబితే ఏం చేసేవాడివి? ఇంకో ఆర్నెల్లు మంచితనం నటించేవాడివా? నా మొగుడి మంచం వానలో పెట్టించావు. ఇన్నేళ్లూ తప్పు నాదేననుకున్నాను. అద్దె తిన్నాననుకున్నాను... నువ్వే పుచ్చుకోకుండా తినిపించావురా!"

గేటు దగ్గర చెప్పుల చప్పుడు. వ్యానుకీ గోడకీ మధ్య సందులోంచి పక్కకి తిరిగి, కష్టపడి, ఓనరమ్మ లోపలికొస్తోంది! మొగుడి వైపు చూడలేదు. నేరుగా కూతురి ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"అద్దె ఇవ్వమ్మా."

"ఏయ్! నీకేం పని ఇక్కడ? ఇంటికి పో!"

"నా పేరున ఉన్న ఇంటికి నేనొచ్చాను. మీకేం పని ఇక్కడ?" అందావిడ. ఆవిడ గొంతు ఇంత స్పష్టంగా ఉంటుందని ఆ వీధికి ఆరోజే తెలిసింది. డబ్బు రెండు చేతులా పుచ్చుకుని జనం వైపు తిరిగింది. "అందరూ విన్నారుగా? అద్దె ముట్టింది. వీళ్లు నా ఇంట్లో అద్దెకుంటున్నారు. రసీదు ఇప్పుడే రాసిస్తాను, కాగితం తెండి."

"నిన్ను ఇంట్లో అడుగు పెట్టనిస్తే ఒట్టు!" ఓనరు చెయ్యెత్తాడు. ఆవిడ వెనక్కి జంకలేదు.

"ఏ ఇంట్లో? మేడ నా పేరు. కొట్టు నా పేరు. సంతకం పెట్టమన్న చోటల్లా పెట్టాను కదా ఇన్నేళ్లూ! అసలు నా ఇంట్లో ఉండటానికి మీకేమైనా అగ్రిమెంటు ఉందా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వు వీధంతా అంటుకుంది. తాళం తెచ్చినవాడు కూడా అటు తిరిగి నోరు మూసుకున్నాడు! ఇస్త్రీ ఆవిడైతే, "ఓనరుగారూ, మా పక్క పోర్షను ఖాళీ ఉంది, అడ్వాన్సు ముందే కట్టాలి మరి!" అని కేకేసింది. అతను వెళ్దామని గేటు వైపు తిరిగితే, వ్యాను అడ్డం. ఆ పెద్ద పొట్టతో సందులో పట్టడు. అందరూ చూస్తుండగా అక్కడే నిలబడి, ఇంజను బాగయ్యేదాకా చెమట తుడుచుకోవాల్సి వచ్చింది. అది అంత తొందరగా బాగవలేదు!

తల్లి ఓనరమ్మ దగ్గరకెళ్లి చేతులు జోడించింది. "ఇప్పుడెలా వెళ్తారండీ ఆ ఇంటికి... ఆయన ఊరుకుంటాడా?"

"ఊరుకోకపోతే ఊరు తిరుగుతాడు," అంది ఓనరమ్మ. తరువాత తల్లి జోడించిన చేతుల్ని కిందికి దించింది. "నాకు మీరు దణ్ణం పెట్టకండి వదినగారూ. ఆరోజు దిగి రావాల్సింది. రాలేదు. ఇవాళ వచ్చినందుకు ఆరోజుది మాఫీ కాదని తెలుసు."

తల్లి, 'ఫర్వాలేదు' అనలేదు. అనాలని మనం ఎందుకనుకోవాలి? ఆవిడ మొగుడు పోయాడు. కానీ ఓనరమ్మ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టింది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారంతే.

తరువాతి నెల మొదటి తారీఖున గేటు చప్పుడైంది. కూతురు తొంగి చూసింది. ఓనరు! తెల్లచొక్కా నలిగి ఉంది. నవ్వు ఎక్కడా లేదు.

"ఆవిడ పంపింది... అద్దె తీసుకురమ్మంది," అన్నాడు నేల చూపులు చూస్తూ.

"అమ్మా, అద్దె కోసం వచ్చారు!" అని కేకేసి, కంపెనీకి వేళైపోతున్నా కూతురు కదల్లేదు.

"గిన్నెలు తోముతున్నానే. అయ్యాక ఇస్తానని చెప్పు. కూర్చోమనకు," అంది తల్లి వంటింట్లోంచి.

ఎండ ఎక్కుతోంది. ఓనరు ఈ కాలు మీంచి ఆ కాలు మీదికి మారాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. వీధిలో పోయేవాళ్లు పనిగట్టుకుని ఆగి, బావున్నారా అని అడిగి మరీ పోతున్నారు. లోపల కుళాయి ధారగా పోతూనే ఉంది. ఇంతసేపేమిటా అని కూతురు వంటింట్లోకి వెళ్లి చూసింది.

గిన్నెలన్నీ ఎప్పుడో మెరిసిపోతున్నాయి. తల్లి వాటిని బోర్లించిన చోటునుంచి ఒక్కొక్కటే తీసుకుని, తీరిగ్గా, మళ్లీ మొదటినుంచి తోముతోంది.