ఏడో ఆర్డరు, పదకొండో ఆర్డరు

"ప్రతి గురువారం ఈ పన్నెండు అచ్చులూ ఎందుకు ఖాళీగా కూర్చుంటాయి?"

సిమెంటు యార్డులో అడుగుపెట్టిన రోజే రిజిస్టరు తిరగేసి దేవకుమారి సూపర్‌వైజర్ తిమోతిని అలా నిలదీసింది.

"ఉపవాసం ఉంటాయి మేడం," అన్నాడతను నవ్వకుండా.

ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంట ప్రేమగా మారడానికి నాలుగు నెలలు పట్టింది. తిమోతికి మాత్రం అంతసేపు పట్టలేదట, తర్వాత ఒప్పుకున్నాడు.

అది తొంభై అయిదో సంవత్సరం. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో కృష్ణమ్మ గారి యార్డు. బావులకు ఒరలు, కాలువలకు పలకలు పోసి ఊళ్లకు పంపుతారు. ఏ అచ్చులో ఏ రోజు ఏది పోయాలి, ఎన్నాళ్లు తడపాలి, ఏ లారీలో ఏది పంపాలి? అచ్చు ఖాళీగా ఉండకూడదు, ఆర్డరు ఆలస్యం కాకూడదు. ఇదంతా లెక్కగట్టి చెప్పడానికి ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివిన దేవకుమారిని ఆరు నెలల ట్రయల్ మీద తీసుకున్నారు.

యార్డులో ఒక కట్టుబాటు ఉంది. పార్టీ గొడవల్లో భర్తను పోగొట్టుకున్న కృష్ణమ్మ అక్కడ ఏ ఊరి పేరూ, ఏ నాయకుడి పేరూ పలకనివ్వదు. ఆర్డర్లన్నిటికీ అంకెలే, పక్కన దారీ దూరమూ మాత్రం రాస్తారు. ఏ అంకె ఏ ఊరిదో ఆమె కాక తిమోతికొక్కడికే తెలుసు. ఎవరికీ చెప్పనని బైబిలు మీద చెయ్యి వేసి ఆమెకు మాటిచ్చాడు. లారీ కదిలేటప్పుడు మాత్రం డ్రైవర్ చేతికి ఊరి పేరు రాసిన చీటీ కవరులో అందుతుంది.

వాన పడితే తడి ఒరల మీద పట్ట కప్పడానికి ఇద్దరూ చెరో కొస పట్టుకుని పరుగెత్తేవాళ్లు. వాన వెలిశాక పట్ట మడిచేటప్పుడు ఇద్దరూ దగ్గరికి రాక తప్పదు. తిమోతి మడతపెట్టింది మళ్లీ విప్పేవాడు.

"ఎన్నిసార్లు మడుస్తావు?"

"సరిగ్గా వచ్చేదాకా. నువ్వు లెక్కలు తిరగరాయవా?"

దేవకుమారి తండ్రి దాసయ్య రిటైరైన పంతులు. "ముందు నీ ఉద్యోగం పర్మనెంట్ కానీ, ఆనక ఆ పిల్లోని సంగతి మాట్లాడు," అన్నాడు. అందుకే ఆ లెక్క నెగ్గాలి. ఇద్దరి పెళ్లీ దాని మీదే ఆధారపడి ఉంది.

అయిదో నెలలో ప్రొద్దుటూరు కంప్యూటర్ సెంటర్ నుంచి ఆమె ఎగురుకుంటూ వచ్చింది. "ఏడో ఆర్డరు, పదకొండో ఆర్డరు ఒకే దారిలోవి. రెంటికీ అవే ఒరలు. కలిపి పోసి ఒకే లారీలో పంపితే గురువారం సెలవే అక్కర్లేదు!"

తిమోతి మొహం వాడిపోయింది. "అవి రెండూ కలపొద్దు కుమారీ."

"కారణం?"

"అడగొద్దు. కలపకూడదని నీ లెక్కలో ఒక రూలు రాసుకో."

"కారణం లేని రూలు నేను రాయను. నా లెక్క నెగ్గేది నీకిష్టం లేదు, అంతేనా?"

"అట్లంటావా!" అని లేచి వెళ్లిపోయాడు.

అచ్చుల్లో కలిపి పోయనిచ్చాడు గానీ, లోడింగ్ మాత్రం శనివారం తనే చేస్తానన్నాడు. శుక్రవారం తల్లికి జ్వరమని కబురొస్తే మైలవరం వెళ్లాడు. దేవకుమారి లెక్క కాగితంలో లారీ కదలవలసింది శుక్రవారమే. దేవకుమారి నిలబడి రెండు ఆర్డర్లూ ఎక్కించింది. టేబుల్ సొరుగులోంచి రెండు కవర్లు తీసి డ్రైవర్ బాషాకు ఇచ్చింది.

బాషా చీటీలు చూసి తల గోక్కున్నాడు. "తిమోతన్న చూసినాడా మేడం?"

"చూసినాడు," అంది.

చూడలేదు. ఒక్క మాట, అదీ అబద్ధం. తిమోతన్నే ఆ రెండు ఊళ్లతో మాట్లాడి ఉంటాడనుకుని బాషా బండి తీశాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చిన తిమోతి ఖాళీ యార్డు చూసి లారీ వెంట మోటార్ సైకిల్ తిప్పాడు. ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదని ఆమె తర్వాత ఎన్నిసార్లు అనుకుందో!

పులివెందుల దాటి, లింగాల దారిలో అందుకునేసరికే లారీ చుట్టూ జనం. పగవాళ్ల ఊరికి పోయే ఒరలు తమ ఊరి ఒరలతో కలిసి వస్తే, వాటి అడుగున ఏ బాంబులు దాచారోనని అనుమానం. బాషాను కిందికి లాగారు.

"వానికేమీ తెలీదప్పా! లోడ్ చేసినోన్ని నేను," అన్నాడు తిమోతి.

బాషాను వదిలేశారు. తిమోతిని ప్రొద్దుటూరు ఆసుపత్రికి తెచ్చేసరికి ఎడమ చెయ్యి రెండు చోట్ల విరిగి ఉంది. అంతకన్నా పెద్ద దెబ్బ మరొకటి. తిమోతి అవతలి పార్టీ మనిషని ఈ ఊరూ, ఈ పార్టీ మనిషని ఆ ఊరూ తేల్చేసుకున్నాయి. ఒరలు చూసుకోవడానికి ఒక ఊరివాళ్లు బుధవారం, రెండో ఊరివాళ్లు శుక్రవారం వస్తారనీ, వాళ్లు యార్డులో ఎదురుపడకూడదనే అతను మధ్యలో గురువారాలు ఖాళీగా వదిలేవాడనీ కృష్ణమ్మ ఆసుపత్రి వరండాలో చెబితే గానీ దేవకుమారికి తెలియలేదు.

"నేను పోయి నిజం చెప్తా," అంది అతని మంచం పక్కన.

"నీ పేరు రానియ్యొద్దు. నామీద ప్రేమ ఉంటే రానియ్యొద్దు."

మర్నాడు ఆమె సెంటర్లో కంప్యూటర్ ముందు కూర్చుని, ఏడూ పదకొండూ కలవకూడదన్న రూలు చేర్చింది. పని మొత్తం ఒకే ఒక్క రోజు ఆలస్యమవుతుందని జవాబొచ్చింది. ఒక్క రోజు! అందరూ చూస్తుండగానే బోరున ఏడ్చింది.

దాసయ్య పది రోజులు కూతురి వాలకం చూశాడు. "ఇంక పర్మనెంట్ గిర్మనెంట్ ఏం వద్దులే. పా బిడ్డా, వాళ్లమ్మతో మాట్లాడదాం," అని తనే బయల్దేరదీశాడు.

మైలవరంలో తలుపు తీసింది తిమోతి తల్లి రత్నమణి. "నిన్న పొద్దన్నే పాయె. ఏ ఊరో నాకూ చెప్పలేదు. ఈడుంటే ఏదో ఒక ఊరోళ్లు చంపుతారని, ఈ పక్కకు మళ్లీ రాడంట."

దాసయ్య చేతిలో పండ్ల సంచి అలాగే ఉండిపోయింది.

"వానికి బుద్ధి ల్యాకపాయె. కలపగూడదని తెలిసీ ఎందుకు ఎక్కించినాడో!" అంది రత్నమణి కళ్లు ఒత్తుకుంటూ.

తల్లికి కూడా తన పేరు చెప్పలేదన్నమాట. దేవకుమారి గడపలోనే కూలబడి రత్నమణి పాదాలు పట్టుకుంది.

"ఎక్కించింది నేనత్తా. వద్దన్నా వినకుండా నేనే పంపినా."

రత్నమణి పాదాలు వెనక్కి తీసుకోబోయి, ఆగి, ఆమె తల మీద చెయ్యి పెట్టింది.

"అత్తా అన్నావు. వాడుంటే శానా సంతోషపడేవాడు. వాడెట్లాగూ రాడు. నువ్వన్నా వస్తా పోతా ఉండు," అంది.