పిక్కుకి పానా పట్టు

"అది పిక్కా, పానానా?"

శనివారం సాయంత్రం, రైల్వే ఊళ్ళోని తెలుగు చర్చి హాల్లో, పాట సగంలో ఉండగా, కీబోర్డు వెనక నుంచి వచ్చిందా ప్రశ్న. డ్రమ్స్ ఆగిపోయాయి. కోరస్ అక్కలు కిసుక్కున నవ్వారు. తీగలు మీటే పిక్ చేతబట్టి, బేస్ గిటారు తగిలించుకున్న ఏబెల్‌కి, ఆ మాట తననే అన్నారని కాస్త ఆలస్యంగా వెలిగింది.

అన్నది ఏంజలిన్. కోల్‌కతాలో చదువు ముగించుకుని, తాల్‌బగీచాలోని ఇంటికి ఈమధ్యే తిరిగొచ్చింది. ఓ స్కూల్లో మ్యూజిక్ టీచర్. బ్యాండ్‌లో ఇదే మొదటి రోజు. అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, కోయిర్ మాస్టర్ విల్‌ఫ్రెడ్ గారి ఒక్కగానొక్క కూతురు.

"పిక్కేనండి. ఏం?" అన్నాడు ఏబెల్.

"మరి బోల్టు బిగించినట్టు పట్టుకున్నారేటి? వేళ్ళు తెల్లబడిపోనాయి, పాపం."

"మావి వర్క్‌షాప్ చేతులండి. కోల్‌కతా చేతులు కావు."

"చేతులకి ఊరేటండీ? నొప్పికసలే లేదు."

ఏబెల్ ఉలిక్కిపడ్డాడు. ఈ అమ్మాయికి ఎలా తెలిసింది?

నిజమే, కొన్నాళ్ళుగా అతని కుడిచెయ్యి నొప్పెడుతోంది. బొటనవేలి మొదట్లో మొదలై మణికట్టు దాటి మోచేతి దాకా పాకుతోంది. ఎవరికీ చెప్పలేదు. చర్చి వార్షికోత్సవం దగ్గరకొచ్చేసింది. చివరి పాట మహా స్పీడు, బేస్‌కి ఊపిరి తీసుకునే చోటే లేదు. పైగా విల్‌ఫ్రెడ్ గారు ముందే తేల్చేశారు.

"సెయ్యి ఆడకపోతే ఇప్పుడే సెప్పు బాబూ. బేస్ కీబోర్డులో ఎడంచేత్తో కొట్టించేస్తాను. ఆ తర్వాత మరి గిటారుతో పనుండదు."

వారమంతా వ్యాగన్ల కింద దూరి పనిచేసే ఏబెల్‌కి, తనదంటూ ఉన్నది ఆ గిటారొక్కటే. అది పోతే శనివారాలకి అర్థమే లేదు.

ఇప్పుడు కీబోర్డు వెనక పసుపు చుడీదార్ ఒకటి చేరింది. శనివారాల విలువ మరీ పెరిగిపోయింది.

టీ విరామంలో అతను కుడిచేత్తో మట్టికప్పు అందుకున్నాడు. అది జారి, టీ మొత్తం ఏంజలిన్ చెప్పుల మీద ఒలికింది.

"అయ్యో! సారీ అండి!"

ఆమె చెప్పులు చూసుకోలేదు. అతని చెయ్యి చూసింది.

"ఎన్నాళ్ళయింది?"

"ఏటి?"

"నొప్పి."

"నొప్పా? అబ్బే! కప్పు వేడిగా ఉందండి."

ఆ రోజే, స్పీకర్ల వెనక కేబుల్ చుడుతుండగా అతని చెవిన పడింది ఏంజలిన్ గొంతు. "నాన్నా, ఏబెల్ చేత బేస్ వాయింపించకండి. నేను చూసుకుంటాను."

కేబుల్ అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు ఏబెల్. తర్వాతి ప్రాక్టీసుకి రాలేదు.

మర్నాడు న్యూ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ క్వార్టర్ ముందు ఓ సైకిల్ ఆగింది. చినుకులు పడుతున్నాయి. తలుపు తీసింది ఏబెల్ తండ్రి సుందర్ రాజు, రిటైరైన ఫిట్టర్.

"ఓలమ్మా! విల్‌ఫ్రెడ్ గారి పిల్లవి కాదేటి? తడిసిపోనావు, లోపలికి రా తల్లీ."

బనీనులో ఉన్న ఏబెల్ కంగారుగా చొక్కా తొడుక్కుని వచ్చాడు. చొక్కా తిరగేసి ఉంది. ఏంజలిన్ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

"ప్రాక్టీసుకి రాలేదేటండీ?"

"బేస్ మీకొదిలేసినాను కదా. మరింకేటి కావాలి?"

"నాకా? నేనెప్పుడడిగినాను?"

"మీ నాన్నగారితో అన్నారు. నా సెవులతో విన్నాను."

"మొత్తం విన్నారా?"

"సాలినంత విన్నాను."

"సాల్లేదు! ఒక్క వారం రెస్ట్ ఇస్తే వార్షికోత్సవానికి ఆయనే వాయిస్తారు, అందాకా నేను చూసుకుంటానన్నాను." ఆమె గొంతు కొంచెం తగ్గింది. "కాలేజీ బ్యాండ్‌లో నేను వాయించింది బేసే. పిక్‌తోనే. నొప్పి దాచి దాచి, చివరికి జడ కూడా వేసుకోలేకపోయాను. మీకలా కాకూడదని."

ఏబెల్ "సారీ అండి," అన్నాడు.

"సారీ కాదురా, కుర్చీ వెయ్యి," అన్నాడు తండ్రి.

నొప్పి పూర్తిగా తగ్గేదాకా తీగ ముట్టొద్దంది ఏంజలిన్. పట్టు మాత్రం ఇప్పుడే మార్చుకోవచ్చంది. అతని చూపుడువేలు పక్కన పిక్ ఆనించి, పైన బొటనవేలు మెత్తగా పెట్టించింది.

"నేను లాగుతాను. వచ్చెయ్యాలి. సరేనా?"

లాగింది. రాలేదు. రెండు చేతులతో లాగింది. పిక్ రాలేదు గానీ, కుర్చీతో సహా ఏబెల్ ముందుకొచ్చాడు.

సుందర్ రాజు తొడ చరిచాడు. "రాదమ్మా! కొత్తగా పనిలో సేరినోడి సేతిలోంచి సీనియర్లు ఎనక నుంచి వచ్చి పనిముట్టు లాగేస్తారు. జారిందా, గ్యాంగందరికీ సింగాడా సమోసాలు కొనాల. మావోడికి ఇంటికాడే గరిట పట్టించి నేర్పినాను. ఒక్కసారి కూడా కొన్లేదు!"

"అంకుల్, జబ్బంతా అక్కడే ఉంది! సుత్తి జారితే పక్కవాళ్ళ కాలు పోతుంది. పిక్ జారితే ఏటి పోతుంది?"

సుందర్ రాజు బాగా ఆలోచించాడు. "ఏటి పోతాది?"

"ఏమీ పోదు. ఇంకోటి తీసుకుంటాం."

మళ్ళీ లాగింది. మళ్ళీ అదే పట్టు. బయట వాన ఊపందుకుంది. చివరికి ఆమె లాగడం మానేసి, అతని మొహంలోకి చూసింది.

"చొక్కా తిరగేసుకున్నా మీరు బాగానే ఉన్నారు, తెలుసా?"

పిక్ దానంతటదే జారి కింద పడింది.

"ఓరి! సింగాడాలు కొనాల్రా ఇయ్యాల!" అని లేచాడు సుందర్ రాజు.

నొప్పి తగ్గాక అసలు పాఠం మొదలైంది. మోకాళ్ళ దగ్గర వేలాడే గిటారు, స్ట్రాప్ బిగించాక పొట్ట దగ్గరికొచ్చింది.

"కిందుంటేనే స్టైల్ కదండీ," గొణిగాడు ఏబెల్.

"కిందుంటే మణికట్టు వంకర పోతుంది. స్టైల్ మొహంలో ఉంది, చాల్లెండి."

వాయించే ముందు గోరువెచ్చని నీళ్ళలో చేతులు. తీగ మీద మోచెయ్యి కాదు, మణికట్టు ఆడాలి. సలుపు మొదలైతే ఆపెయ్యాలి, పంతం పట్టకూడదు. అన్నీ నేర్చుకున్నాడు. అయినా పాట ఊపందుకోగానే మళ్ళీ తీగల్ని బాదేస్తున్నాడు.

"ఎందుకంత గట్టిగా?"

"వినబడాలి కదండీ. మీ నాన్నగారు యాంప్ సౌండు పెంచనివ్వరు."

ఏంజలిన్ చెయ్యి నడుం మీదకి వెళ్ళింది. ఆ తర్వాతి ప్రాక్టీసులో అందరి ముందూ తండ్రిని పట్టుకుంది.

"నాన్నా, మీరు యాంప్ నొక్కేసినకొద్దీ ఆయన చెయ్యి నలిగిపోతోంది."

"పాటలో మాట వినబడాలమ్మా, దడదడ కాదు."

"గట్టిగా కొడితేనే దడదడ. ఒక్కసారి పెంచి సూడండి."

గూడ్స్ గార్డుగా ఏళ్ళ తరబడి పచ్చజెండా ఊపిన మనిషి, నాబ్ మీద భయం భయంగా చెయ్యేశారు. కొంచెం తిప్పారు. ఏబెల్ మెత్తగా మీటాడు. గుండ్రటి శబ్దం నేల మీంచి నెమ్మదిగా లేచి హాలంతా పరుచుకుంది. విల్‌ఫ్రెడ్ గారు ఇంకొంచెం తిప్పారు.

"ఇదా బేస్? మరిన్నాళ్ళూ నేను విన్నదేటి?"

వార్షికోత్సవం రోజున ఏబెల్ చివరి పాట చివరి స్వరం దాకా వాయించాడు. ఆఖర్న చెయ్యి ఓసారి విదిల్చి చూసుకున్నాడు. ఎక్కడా సలుపు లేదు. కీబోర్డు వైపు చూస్తే, ఆమె కళ్ళు అప్పటికే ఇటే ఉన్నాయి.

భోజనాలయ్యేసరికి వాన దంచేస్తోంది. యాంప్‌ని టోటో అనే బ్యాటరీ రిక్షాలోకి ఎక్కిస్తుంటే, విల్‌ఫ్రెడ్ గారు పెద్ద నల్ల గొడుగుతో వచ్చారు.

"యాంప్ తడవకూడదు," అని గొడుగు ఏబెల్ చేతిలో పెట్టి, ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్ళిపోయారు.

"యాంప్ పట్టుకుంటే గొడుగెవరు పడతారు?" అంటూ ఏంజలిన్ టోటో ఎక్కేసింది.

గోల్‌బజార్ దారంతా నీళ్ళు. గొడుగు యాంప్ మీద ఉంది. పక్కల నుంచి కొట్టే జల్లుకి ఇద్దరూ శుభ్రంగా తడుస్తున్నారు.

"ఏంజలిన్ గారూ, ఒక మాట."

"మళ్ళీ నొప్పా?"

"సెయ్యి బాగుందండి. బాగైపోయింది కాబట్టి మీరింక మా ఇంటికి రారేమోనని... అదే నొప్పి."

ఆమె నవ్వింది. వానలో ఆ నవ్వు మరీ బాగుంది.

"దాచుకోవద్దని సెప్పినానా లేదా?"

"మీ నాన్నగారంటే భయమండి. ఆయనకెలా సెప్పాలో తెల్దు."

"నిన్ననే నేను సెప్పేసినాను."

"ఏటని?"

"నువ్వంటే ఇష్టమని."

మీరు కాస్తా నువ్వైపోయిందని ఏబెల్ గమనించాడు. గుండె డ్రమ్స్ అందుకుంది.

"మరి... ఆయనేటన్నారు?"

"ఏమీ అన్లేదు. పొద్దున్న కూడా అన్లేదు." ఏంజలిన్ గొడుగు పిడి మీద అతని చేతి పక్కనే తన చెయ్యి పెట్టింది. "ఇది ఆయన డ్యూటీ గొడుగు. అమ్మకి కూడా ఎప్పుడూ ఇవ్వలేదు. నీకిచ్చారు కదా!"

ఏబెల్ ముందుకి వంగి టోటో అతని భుజం తట్టాడు. "దాదా, ఎక్టు ఆస్తే," కొంచెం మెల్లగా పోనివ్వమన్నాడు.

ఇల్లు అప్పుడే వచ్చేస్తే ఎలా మరి?