వెందుల గ్లాసులో నిలవని నురగ

"మీ బీరు చచ్చిపోయింది," అంది వెందుల, గ్లాసెత్తి వెలుతురులో చూస్తూ.

రాదిమ్ ప్రాణమూ సగం అటే పోయింది. సైకిళ్లు బాగుచేసుకునే రాదిమ్, ఇంటి వెనక బట్టలుతికే గదిలో చేతులారా కాచిన మూడో విడత బీరది. అతని గ్లాసులో నురగ రెండు వేళ్ల మందాన మీగడలా కూర్చుంది. వెందుల నాన్న హీనెక్‌గారి మీసానికైతే తెల్లరంగు వేస్తోంది. వెందుల గ్లాసులోనే రెండు గుక్కలకి చప్పున దిగిపోయి, నాలుగు బుడగలు మిగిలాయి.

"ఒకే సీసాలోంచి పోశానండీ," అన్నాడు రాదిమ్.

"అయితే నా మీద పగబట్టింది."

"నురగే నిలబెట్టలేనివాడు మాటేం నిలబెడతాడమ్మా," అన్నారు హీనెక్‌గారు మీసం తుడుచుకుంటూ.

చెక్ దేశంలో త్రెబోన్ చెరువుల చుట్టుపక్కల ఏ ఇంట్లోనైనా సరే, నురగలేని బీరు పోయడమంటే ఉప్పులేని పప్పు వడ్డించడమే. పైగా రాదిమ్ ఒక ఒట్టు పెట్టుకున్నాడు. వెందుల గ్లాసులో నురగ చివరిదాకా నిలిచిన రోజే ఆమెకి మనసులో మాట చెబుతాడట. ఇలాంటి ఒట్లు పిరికివాళ్లే పెట్టుకుంటారు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది వెందుల. "అన్నట్టు, ఆదివారం మా ఇంటికి భోజనానికి నేను పనిచేసే పశువుల ఆసుపత్రి డాక్టర్‌గారి మేనల్లుడొస్తున్నాడు. అమ్మ పిలిచింది. బుద్ధిమంతుడట."

"బీరు కాస్తాడా?"

"కొనుక్కుంటాడట. అందులో నురగ ఉంటుందట."

ఆ మాటతో రాదిమ్‌కి నిద్ర కరువైంది. గ్లాసులకి సబ్బు జిడ్డు అంటిందేమోనని వంటసోడాతో తోమి చన్నీళ్లలో జాడించాడు. నూనె నురగకి శత్రువని బల్లమీద ఊరవేసిన సాసేజ్‌లు ఎత్తేశాడు. హీనెక్‌గారు గొణిగినా వినలేదు. నాలుగో విడత అప్పటికే సీసాల్లో ఉంది. నురగ గట్టిపడాలని మొలకెత్తిన గోధుమలు ఎక్కువ వేసి కాచినదది. శనివారం సాయంత్రం తండ్రీకూతుళ్లని పిలిచాడు.

వాన పట్టుకుంది. వెందుల తడుస్తూ ముందొచ్చింది. తండ్రి కోళ్లగూడు మూసి వస్తారట.

రాదిమ్ ఊపిరి బిగబట్టి రెండు గ్లాసుల్లో పోశాడు. నురగ అంచు దాటి నిలబడింది. వెందుల ఒక గుక్క తాగింది. నురగ కూలిపోయింది.

"పోనీలెండి," అంది జాలిగా. "బీరు బాగానే ఉంది."

"నాది తాగి చూడండి," అంటూ తన గ్లాసిచ్చాడు. ఈసారి కళ్లు తిప్పకుండా చూశాడు. ఆమె పెదవి తగిలిన చోటే నురగ ముందు విరిగింది. అక్కణ్ణించి పక్కలకి పాకింది. గ్లాసు తీసుకుని బల్బు కింద తిప్పాడు. అంచున లేత గులాబీ మరక.

"లిప్‌స్టిక్," అన్నాడు.

"అయితే?"

"అందులో మైనం, నూనె ఉంటాయండీ. నురగ పాలిట విషం. నేనేమో గోధుమలు ఎక్కువేశాను, మీ నాన్నగారి నోటి దగ్గర సాసేజ్ లాగేశాను. రోజూ వేసుకుంటారా?"

"ఎక్కడికి, పశువుల ఆసుపత్రికా? ఆవులు మురిసిపోవాలనా?"

"మరెక్కడికి?"

వెందుల వాన వైపు తిరిగింది. "మీ తలలో ఉన్నదీ నురగే. ఇక్కడికొచ్చేటప్పుడే వేసుకుంటాను."

ఆ మాట బుర్రకెక్కడానికి కాస్త సమయం పట్టింది. ఎక్కాక రాదిమ్‌కి పట్టలేనంత సంతోషం కలిగింది. ఆమె చేత్తో పెదవులు తుడుచుకోబోయింది.

"తుడవకండి. నురగ పోతే పోనీ. నువ్వంటే నాకిష్టం, వెందులా."

"నువ్వనేశారే."

"అనేశాను."

"ఆచారం చెయ్యకుండానే?"

మీరు పోయి నువ్వు రావాలంటే అక్కడొక పద్ధతుంది. మోచేతులు పెనవేసుకుని ఎవరి గ్లాసు వాళ్లు తాగాలి, ఆపైన ముద్దు పెట్టుకోవాలి. ఇద్దరూ పద్ధతిగా చేశారు. సరిగా కుదరలేదని మళ్లీ చేశారు.

ఇంతలో హీనెక్‌గారు టోపీ విదిలించుకుంటూ వచ్చారు. రాదిమ్ కంగారుగా కొత్త గ్లాసులు తీసి అందరికీ పోసి, తనది గటగటా తాగాడు. ఆయన చూస్తుండగానే అతని నురగ కూలింది.

"నీ గ్లాసుకేమైందోయ్?"

"సబ్బండీ. సరిగా కడగలేదనుకుంటా."

హీనెక్‌గారు అతని పెదవుల వైపు చూశారు. గోడకేసి చూస్తున్న కూతుర్ని చూశారు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"పెళ్లికి ముందు నా గ్లాసూ ఇంతే," అన్నారు. "రేపు భోజనానికి నువ్వూ రా. బాతు పెద్దదే, ఆ కుర్రాడికీ సరిపోతుంది. వచ్చేముందు మూతి తుడుచుకో. మీ అత్తగారి చూపు చురుకు."

మూతి తుడుచుకోబోయిన రాదిమ్ చెయ్యి మధ్యలోనే ఆగిపోయింది.

"ఎవరి చూపండీ?" అన్నాడు, ఆ మాట ఇంకోసారి వినాలని.